యంత్రం అప్పు, సంఘం నిధి: రెండింటిలోనూ సగటు చెప్పని సంగతులు

ప్రశ్న: నేను చిన్న ప్రింటింగ్ యూనిట్ నడుపుతున్నాను. 8 లక్షలు పెట్టి కొత్త యంత్రం కొనాలన్న ఆలోచన ఉంది. చేతిలో 2 లక్షలు ఉన్నాయి. మిగిలిన 6 లక్షలకు యంత్రం అమ్మే సంస్థే 10 శాతం ఫ్లాట్ వడ్డీ మీద 36 నెలల అప్పు ఇప్పిస్తానంటోంది. బ్యాంకు 14 శాతం అడుగుతోంది. ఈ యంత్రం కొన్నవారికి ఖర్చులన్నీ పోను నెలకు సగటున 30,000 మిగులుతోందని చెబుతున్నారు. వివరాలు కావాలని గట్టిగా అడిగితే ఐదుగురి లెక్కలు ఇచ్చారు: 12,000, 14,000, 15,000, 17,000, 92,000. ఐదేళ్ల తరువాత యంత్రాన్ని లక్షకు తిరిగి తీసుకుంటామని కూడా అంటున్నారు. రెండో విషయం, 200 కుటుంబాలున్న మా సంఘంలో సహాయ నిధికి నేను కోశాధికారిని. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే ఆ కుటుంబానికి 50,000 ఇస్తాం. గత నాలుగేళ్లలో వరుసగా 10, 6, 14, 10 కుటుంబాలకు ఇచ్చాం. సగటు 10 కాబట్టి కుటుంబానికి ఏడాదికి 2,500 చొప్పున వసూలు చేస్తే సరిపోతుందా?

జవాబు: మీరు ఆ ఐదుగురి లెక్కలను విడివిడిగా అడిగి తీసుకోవడం చాలా మంచి పని. చాలామంది 30,000 అన్న మాట దగ్గరే ఆగిపోయి సంతకం చేస్తారు. మీ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపిస్తున్నా, రెండింటిలోనూ నిర్ణయం ఒకే ఒక్క సగటు మీద ఆధారపడి ఉంది. ఆ సగటు వెనుక డబ్బు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, అంకెలు సగటుకు ఎంత దూరం వరకు చెదిరి ఉన్నాయి అన్న విషయాలు చూస్తే రెండు చోట్లా జవాబు మారిపోతుంది.

ముందు అప్పు సంగతి చూద్దాం. ఫ్లాట్ వడ్డీ అంటే, మీరు అసలు తీరుస్తూ వస్తున్నా మొదటి రోజు ఉన్న 6 లక్షల మీదే చివరి నెల దాకా వడ్డీ లెక్కగట్టడం. ఏడాదికి 60,000 చొప్పున మూడేళ్లకు 1,80,000 వడ్డీ కలిపి 7,80,000ను 36తో భాగిస్తే వాయిదా సుమారు 21,667 అవుతుంది. పద్దెనిమిది వాయిదాలు కట్టేసరికి మీరు నిజానికి బాకీ ఉండేది దాదాపు 3,40,000 మాత్రమే, కానీ ఆ నెలలో కూడా వడ్డీ 6 లక్షల మీదే పడుతుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఈ అప్పుకు అసలైన వడ్డీ రేటు ఏడాదికి 17.9 శాతం. దీన్ని మీరే సరిచూసుకోవచ్చు. ఎక్సెల్‌లో రేట్ అన్న ఫంక్షన్‌కు వాయిదాల సంఖ్య 36, వాయిదా మొత్తం మైనస్ గుర్తుతో 21,667, చేతికి వచ్చే మొత్తం 6,00,000 అని ఇస్తే నెలకు 1.49 శాతం అని చూపిస్తుంది. దాన్ని 12తో గుణించండి. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో రెండు శాతం, అంటే 12,000, ముందే కోసుకుంటే మీ చేతికి వచ్చేది 5,88,000 మాత్రమే. అప్పుడు అదే లెక్క 19.4 శాతానికి చేరుతుంది.

బ్యాంకు చెబుతున్న 14 శాతం తగ్గే బాకీ మీద అయితే (ఈ మాటను రాతపూర్వకంగా తీసుకోండి), వాయిదా సుమారు 20,507, మూడేళ్ల వడ్డీ సుమారు 1,38,000. అంటే 14 శాతం అప్పు 10 శాతం అప్పుకంటే దాదాపు 42,000 చవక. అప్పు తీసుకోక తప్పదనుకుంటే బ్యాంకు దగ్గరే తీసుకోండి. అయితే అసలు తీసుకోవాలా అన్నది ఇంకా తేలలేదు.

ఆ ఐదు అంకెలను చూడండి. కూడితే 1,50,000, ఐదుతో భాగిస్తే 30,000. కూడికలో తప్పేమీ లేదు. కానీ ఆ ఐదుగురిలో ఒక్కరికి కూడా 30,000కు దగ్గరగా మిగలడం లేదు. నలుగురు 17,000 లేదా అంతకంటే తక్కువలో ఉన్నారు, ఒక్కరు మాత్రం 92,000 దగ్గర ఉన్నారు. ఆ ఒక్కరే సగటును పైకి లాగారు. ఇలాంటి చోట అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని, అంటే మధ్యగతాన్ని చూడాలి. ఇక్కడ అది 15,000. ఈ యంత్రం కొన్న మామూలు మనిషికి మిగులుతున్నది ఇది. మీ నెల వాయిదా 20,507. అంటే మామూలుగా జరిగితే యంత్రం తన వాయిదా తాను కట్టుకోలేదు, ప్రతి నెలా మీ పాత పని మీద వచ్చే ఆదాయంలోంచి 5,500 దాకా అందులో పోయాలి. ఆ 92,000 సంపాదించే వ్యక్తికి పెద్ద ఖాతాదారు ఎవరైనా ఉండి ఉండవచ్చు, రెండు షిఫ్టులు నడుపుతూ ఉండవచ్చు. అలాంటి ఏర్పాటు మీకు ఉందో లేదో మీకే తెలుస్తుంది. లేకపోతే ఆ అంకె మీకు వర్తించదు.

ఇంకొకటి, ఆ ఐదుగురినీ ఎంచింది అమ్మేవారు. యంత్రం కొని, నడపలేక, అమ్మేసుకున్నవారు ఆ జాబితాలో ఉండరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పనిచేసిన గణాంకవేత్త అబ్రహాం వాల్డ్, తిరిగొచ్చిన విమానాల మీది తూటా దెబ్బలను పరిశీలించేటప్పుడు తిరిగిరాని విమానాలను లెక్కలోకి తీసుకోవాలని చూపించాడు. తిరిగొచ్చిన వాటిలో ఇంజిను మీద దెబ్బలు తక్కువగా ఉన్నాయంటే అక్కడ దెబ్బ తగిలినవి కూలిపోయాయని అర్థం. మీ విషయంలోనూ గత మూడేళ్లలో ఈ యంత్రాన్ని ఎంతమంది కొన్నారు, వారిలో ఎంతమంది ఇంకా నడుపుతున్నారు అన్న రెండు అంకెలు అడగండి. ఇవ్వడానికి వెనుకాడితే, అది కూడా మీకు ఉపయోగపడే సమాచారమే.

ఇక పెట్టుబడి గిట్టుబాటు లెక్క. నెలకు 15,000 చొప్పున ఐదేళ్లకు 9 లక్షలు, చివర్లో యంత్రం మీద లక్ష, మొత్తం 10 లక్షలు వస్తాయి, పెట్టింది 8 లక్షలే కదా, 2 లక్షల లాభం అని అనిపిస్తుంది. కానీ ఐదో ఏడు చేతికొచ్చే రూపాయి ఈ రోజు చేతిలో ఉన్న రూపాయితో సమానం కాదు, ఎందుకంటే ఈ రోజు రూపాయికి మీరు 14 శాతం వడ్డీ కడుతున్నారు. అదే 14 శాతంతో రాబోయే ప్రతి నెల మిగులునూ ఈ రోజు విలువకు తగ్గిస్తే 60 నెలల మిగులు విలువ సుమారు 6,45,000, చివర్లో వచ్చే లక్ష విలువ సుమారు 50,000. రెండూ కలిపి 6,95,000. పెట్టింది 8 లక్షలు కాబట్టి లాభం కనిపించిన చోట నిజానికి లక్షకు పైగా నష్టం ఉంది. నష్టం, లాభం రెండూ లేకుండా గట్టెక్కాలంటే ఖర్చులు పోను నెలకు సుమారు 17,500 మిగలాలి. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. ఆ ఐదుగురిలో నలుగురు దీనికి దిగువనే ఉన్నారు.

అందువల్ల ఇప్పుడే కొనవద్దని నా సలహా. కొత్త యంత్రం మీద చేయాల్సిన ఆర్డర్లను ఆరు నెలల పాటు తీసుకుని, ఆ పనిని అలాంటి యంత్రం ఉన్నవారి దగ్గర జాబ్ వర్క్‌గా చేయించండి. మిగిలేది తక్కువే అయినా ఎన్ని ఆర్డర్లు వస్తున్నాయి, ఏ నెలలో ఎంత వస్తున్నాయి అన్నది మీ సొంత అనుభవంలో తేలుతుంది. సొంత యంత్రం ఉంటే నెలకు ఎంత మిగిలేదో లెక్కగట్టి, ఆరు నెలల మధ్యగతం 17,500 దాటితే పెట్టుబడి గిట్టుబాటవుతుందనుకోవచ్చు. 20,507 కూడా దాటితే వాయిదాలకు ఇబ్బంది ఉండదు. గిట్టుబాటు కావడం వేరు, వాయిదా రోజున చేతిలో డబ్బు ఉండటం వేరు. లాభం వచ్చే వ్యాపారాలు కూడా ఈ రెండో కారణంతోనే మూతపడటం చూస్తే బాధ కలుగుతుంది. కాబట్టి కొనే రోజున కనీసం నాలుగు వాయిదాలకు సరిపడా డబ్బును, ఆ 2 లక్షల్లో కలపకుండా, విడిగా ఉంచుకోండి.

ఇప్పుడు సంఘం నిధి. ఈ ప్రశ్న మీద నాకు ఇంకా ఎక్కువ శ్రద్ధ ఉంది, ఎందుకంటే యంత్రం లెక్క తప్పితే నష్టం మీ ఒక్కరిది, నిధి లెక్క తప్పితే ఆసుపత్రిలో ఉన్న కుటుంబానికి డబ్బు లేదని చెప్పాల్సి వస్తుంది. 1740లలో స్కాట్లండ్ చర్చి మతాచార్యుల భార్యాపిల్లల కోసం నిధి పెట్టినప్పుడు రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అన్న ఇద్దరు మతాచార్యులు గణితవేత్త కాలిన్ మెక్లారిన్ సాయంతో ఏటా ఎంతమంది మరణిస్తారు, ఎంతమంది వితంతువులు మిగులుతారు అని ముందుగా లెక్కగట్టి చందా నిర్ణయించారు. ఆ నిధి తరతరాలు నిలిచింది. మీరు చేస్తున్నది కూడా అదే పని.

ఏడాదికి సగటున 10 సహాయాలు, ఒక్కొక్కటి 50,000, మొత్తం 5 లక్షలు, 200 కుటుంబాలకు పంచితే 2,500. సగటు వరకు ఇది సరైనదే. కానీ మీ అంకెలే 6 నుంచి 14 దాకా ఊగాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అరుదుగా జరిగే ఇలాంటి సంఘటనల సంఖ్యకు 1837లో ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ ప్రకటించిన విభాజనం, అంటే ఏ సంఖ్య ఎంత తరచుగా రావచ్చో చెప్పే సూత్రం, బాగా సరిపోతుంది. దాని ప్రకారం సగటు 10 అయినప్పుడు క్రమవిచలనం (అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదురుతాయో చెప్పే కొలత) సుమారు 3.2, అంటే 6 గానీ 14 గానీ రావడం విపరీతమేమీ కాదు. పదికి మించి అభ్యర్థనలు వచ్చే అవకాశం 100లో దాదాపు 42. మీరు 2,500 మాత్రమే వసూలు చేసి వెనుక నిల్వ లేకుండా ఉంటే, ఇంచుమించు ఐదేళ్లలో రెండేళ్లు నిధి చాలదన్నమాట. ఏ ఏడాదైనా చాలకపోయే అవకాశం 100లో 5కు తగ్గాలంటే 15 సహాయాలకు సిద్ధంగా ఉండాలి. అంటే కుటుంబానికి 3,750.

అంత మొత్తం ఎప్పటికీ వసూలు చేయనవసరం లేదు. మొదటి రెండేళ్లు 3,750 తీసుకుని, ఏడాది చివర మిగిలినదాన్ని పంచకుండా నిల్వగా ఉంచండి. సగటున ఏడాదికి 2.5 లక్షలు మిగులుతుంది కాబట్టి రెండేళ్లలో ఒక ఏడాది సహాయాలకు సమానమైన 5 లక్షల నిల్వ ఏర్పడవచ్చు. అది ఏర్పడ్డాకే చందాను 3,000కు దించండి. నిల్వ ఉంది కదా అని 2,500కు దించాలని సభ్యులు అడుగుతారు, దానికి ఒప్పుకోవద్దు. చందా సరిగ్గా సగటుకు సమానంగా ఉంటే చెడ్డ ఏళ్ల నష్టం పూడ్చే మార్గం ఉండదు, ఎంత నిల్వ అయినా ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ అవుతుంది. స్వీడన్‌కు చెందిన ఫిలిప్ లుండ్‌బర్గ్ 1903లో ఆరంభించిన, నిధి ఖాళీ అయ్యే అవకాశాన్ని అంచనా వేసే సిద్ధాంతంతో లెక్కిస్తే, 5 లక్షల నిల్వ, 3,000 చందా ఉన్నప్పుడు నిధి ఏనాటికైనా ఖాళీ అయ్యే అవకాశం 100లో 3కు మించదు. చందా 2,750 అయితే ఆ హద్దు 15 దాకా పోతుంది. 250 తేడాకు ఇంత బలం ఉంది.

మీ సంఘం లాంటివి పది కలిసి 2,000 కుటుంబాల ఉమ్మడి నిధి పెట్టుకోగలిగితే భారం ఇంకా తగ్గుతుంది. సగటు 100 సహాయాలు, క్రమవిచలనం 10 మాత్రమే, కాబట్టి అదే భద్రతకు నిల్వ లేకుండానే 117 సహాయాల డబ్బు, అంటే కుటుంబానికి సుమారు 2,925 చాలు. మీ సంఘానికి విడిగా సగటు మీద 50 శాతం అదనం కావలసి వస్తే ఇక్కడ 17 శాతం సరిపోతుంది. అయితే ఇదంతా ఒక ఇంటి జబ్బుకు ఇంకో ఇంటి జబ్బుకు సంబంధం లేనంతవరకే. అంటువ్యాధి వస్తే అందరూ ఒకేసారి అడుగుతారు, అప్పుడు సభ్యుల సంఖ్య ఎంత పెరిగినా రక్షణ పెరగదు. దానికోసం అలాంటి ఏడాదిలో ఒక్కో కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని తగ్గించే నిబంధనను ముందే, అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే, రాసి ఆమోదింపజేయండి.

ధరల పెరుగుదలను కూడా మరవద్దు. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగితే పదేళ్లకు 50,000 చేసే పని నేటి 28,000 చేసేంతే. సహాయం, చందా రెండింటినీ ఏటా కలిపి సవరించాలి. ఇక పెద్ద వయసు వారున్న ఇళ్లు ఎక్కువ కట్టాలా అన్నది సంఘంలో తప్పక వచ్చే ప్రశ్న. వయసును బట్టి ఖర్చు ఎంత తేడాగా ఉంటుందో లెక్క చెప్పగలదు, ఆ తేడాను ఎవరు భరించాలో మాత్రం చెప్పదు. అందరూ సమానంగా కట్టడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ రోజు తక్కువ అవసరం ఉన్న కుటుంబం కూడా కొన్నేళ్లకు ఆ వయసుకు వస్తుంది.

ఈ లెక్కను ఖాయం చేసే ముందు మీ నుంచి ఒక వివరం కావాలి. ఆరుగురికే సహాయం చేసిన ఆ ఏడాది అడిగినవారు నిజంగా ఆరుగురేనా, లేక నిధిలో డబ్బు లేక కొందరిని వెనక్కి పంపారా? పంపి ఉంటే సగటు 10 కాదు, అంతకంటే ఎక్కువ, పైన చెప్పిన అంకెలన్నీ ఆ మేరకు పెరుగుతాయి. నాలుగేళ్ల తిరస్కరణలను కూడా లెక్కలోకి తీసుకుని, ఇక మీదట ఇచ్చినవాటితో పాటు ఇవ్వలేనివాటినీ అదే పుస్తకంలో తేదీతో సహా రాయండి.