ఖాళీలో ఏ పదం పెట్టాలో తెలియాలంటే ముందు మన తెలుగు వాక్యం చూడండి

రూల్స్ అన్నీ బట్టీ పట్టినా ఇంగ్లీష్ గ్రామర్ ఖాళీల్లో సగం తప్పులు పోతున్నాయి, సరైన పదం ఎలా ఎంచుకోవాలి అని అడిగారు. ‘ఐ హేవ్ బీన్ వెయిటింగ్ ____ టూ అవర్స్’ అనే బిట్‌లో సిన్స్ పెట్టి మార్కు పోగొట్టుకున్నానని కూడా రాశారు. సరిగ్గా అదే బిట్ దగ్గర నేనూ పడ్డాను కాబట్టి జవాబు రాస్తున్నాను.

మాది పలాస దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. 2008లో బ్యాంకు పరీక్షల కోసం శ్రీకాకుళంలో గది తీసుకుని కోచింగ్‌లో చేరాను. మొదటి మోడల్ టెస్టులో ఇరవై ఖాళీలకు పదకొండు తప్పు. తప్పుకు పావు మార్కు కోత. పేపరు తిరిగిచ్చినప్పుడు ఎర్ర ఇంటూలే తప్ప పక్కన ఒక్క ముక్క రాసి లేదు. ఎందుకు తప్పని అడిగితే ‘కీ చూసుకో’ అన్నారు. కీలో ఏముంటుంది? ఏడు బి, ఎనిమిది డి.

ఆ ఆదివారం ఊరెళ్లాను. మా వీధి చివర రిటైరైన మాస్టారొకాయన ఉండేవారు. ఆవుకు గడ్డి వేస్తుంటే వెళ్లి పేపరు చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి, మూడు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పమన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చాను. సోమవారం నుంచి జ్వరం. మూడు రోజుల నుంచి జ్వరం. మొదటిదానికి ఫ్రమ్ అన్నాను. రెండోదానికి సిన్స్. మూడోదానికీ సిన్సే.

‘మూడోదానికెందుకురా సిన్స్?’

‘నుంచి ఉంది కదండీ మాస్టారూ.’

ఆయన ఆవును కట్టిన గుంజ మీద చెయ్యి వేసి ‘ఇదేటి?’ అన్నారు. గుంజ అన్నాను. పలుపు ఎత్తి పట్టుకుని ‘మరిదేటి?’ అన్నారు. పలుపు.

‘సోమవారం గుంజరా. కాలంలో ఒకచోట పాతేసి ఉంటాది. మూడు రోజులంటే పలుపు. ఎంత పొడుగో కొలుస్తావు. గుంజకి సిన్స్, పలుపుకి ఫర్. మూడు రోజుల్ని తీసుకెళ్లి భూమిలో పాతగలవేటి?’

ఈలోపు ఆవు మెడ చాచి నా పేపరు అంచు వాసన చూస్తోంది. ఆ సాయంత్రం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఆ తర్వాత సిన్స్, ఫర్ బిట్‌లో నేను ఎప్పుడూ తప్పు పెట్టలేదు. నిన్న, 1998, పెళ్లయినప్పటి నుంచి, ఇవన్నీ గుంజలు. పదేళ్లు, రెండు గంటలు, చాలాకాలం, ఇవన్నీ పలుపులు. మీ టూ అవర్స్ పలుపే, అక్కడ ఫర్ పెట్టాలి.

తెలుగులో ‘నుంచి’ ఒక్కటే మూడు పనులూ చేస్తుంది. ఇంగ్లీషులో ఆ మూడింటికీ వేరువేరు మాటలున్నాయి. మనం రూల్ మరిచిపోయి తప్పు చేయడం లేదు, తెలుగు వాక్యాన్ని సరిగ్గా దించుతూ తప్పు చేస్తున్నాం. నాకంటే సీనియర్ అంటాం కాబట్టి సీనియర్ తర్వాత దేన్ పెడతాం, అక్కడ టు రావాలి. ఫలానా విషయం గురించి చర్చించాం అంటాం కాబట్టి డిస్కస్ తర్వాత అబౌట్ పెడతాం, అక్కడ అసలేమీ రాకూడదు. మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను అంటాం కాబట్టి ‘ఐ యామ్ లివింగ్’ అని మొదలుపెడతాం, కానీ ఇప్పటికీ ఉంటున్నప్పుడు ఫర్ త్రీ ఇయర్స్‌తో హేవ్ బీన్ కావాలి. అందుకే ఖాళీ చూడగానే ఆప్షన్ల మీదికి పోకండి. వాక్యాన్ని తెలుగులో అనుకుని, మన మాట ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చూసి, ఖాళీ తర్వాత ఏముందో చదివి, అప్పుడు ఆప్షన్లకు రండి.

తెలుగు అడ్డమే కాదు, సాయం కూడా చేస్తుంది. ఎ పెట్టాలా, యాన్ పెట్టాలా అన్నప్పుడు తర్వాతి మాటను తెలుగు లిపిలో రాసుకోండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. అవర్, ఎమ్మెల్యే, ఆనెస్ట్ అచ్చులతో మొదలయ్యాయి, యాన్. యూనివర్సిటీ, వన్ రూపీ నోట్ హల్లులతో మొదలయ్యాయి, ఎ. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తే ఇవన్నీ మోసం చేస్తాయి, మన లిపి శబ్దాన్ని రాస్తుంది కాబట్టి మోసం చేయదు. రాసుకోమంటున్నాను, పలికి చూసుకోమనడం లేదు. మనవైపు ఎగ్‌ను యెగ్గు అనేస్తాం, అలా పలికితే లెక్క తప్పుతుంది.

ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూళ్ల మీద నాకు చాలా కోపం. పిల్లాడికి వచ్చిన భాషను గుమ్మం బయట వదిలి రమ్మంటే, కొత్త భాషను దేనికి తగిలిస్తాడు? గిడుగు రామమూర్తి గారు 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. సవర అనే గిరిజన తెగ పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతూ దండలేస్తాం, మర్నాడు అదే స్కూల్లో తెలుగు మాట్లాడిన పిల్లాడిని నిలబెడతాం. నాకిది అన్యాయంగా అనిపిస్తుంది.

గైడ్లు కొనడం ఆపి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎడమవైపు మీరు తప్పు చేసిన వాక్యం తెలుగులో, కుడివైపు సరైన ఇంగ్లీషు వాక్యం మొత్తం రాయండి, ఖాళీలో మాట ఒక్కటే రాస్తే గుర్తుండదు. గుడ్ ఎట్, మ్యారీడ్ టు లాంటి జతలకు గుంజా పలుపూ దొరకవు. వాటిని మీ ఇంటి మనుషుల మీద వాక్యాలు కట్టి రాసుకోవాల్సిందే. నాలుగు నెలల్లో నాకు ఆ నోటుపుస్తకం సగం నిండింది, ఖాళీల్లో తప్పులు రెండు మూడుకు దిగాయి.

మీకు తప్పు పోయిన మిగతా బిట్లు కూడా కింద రాయండి. వాటిలో ఏ తెలుగు మాట దాక్కుందో చూసి చెబుతాను.