పెన్నంత లేని కానాగుర్త

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది పూడిమడక దగ్గర ఊరు. మా ఆయన ఫైబర్ బోటు మీద వేటకెళ్తాడు, నేను చేపలు అమ్ముతాను. మూడేళ్లుగా ఒడ్డుకొచ్చే కానాగుర్తలు వేలెడంత కూడా ఉండట్లేదు. దాణా తయారీకి చేపలు కొనే లారీ వాళ్లు వాటిని గంపల లెక్కన కొనుక్కుపోతున్నారు. పిల్ల చేపల్ని పట్టొద్దని మేం పన్నెండు మంది ఆడవాళ్లం ఊరి పెద్దల్ని అడిగితే, "వలల సంగతి మీకేం తెలుసు? రాత్రిళ్లు పెద్ద బోట్లు ఒడ్డు దగ్గరికొచ్చి ఊడ్చుకుపోతున్నాయి, ముందు వాళ్లని ఆపండి" అన్నారు. దాని మీద అర్జీ పెట్టాం, జవాబు లేదు. ఏం చేయాలి?
– ఎల్., అనకాపల్లి జిల్లా

జవాబు: అమ్మా, మీ పెద్దలు అన్నదాంట్లో సగం నిజముంది. మన రాష్ట్రంలో సముద్ర వేటకి 1994 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సముద్రాన్ని సంప్రదాయ పడవలకు వదిలేసి, మరబోట్లు ఆ అవతలే వేటాడాలి.

మీ అర్జీలో "పెద్ద బోట్లు వస్తున్నాయి" అని మాత్రమే రాసుంటారు. నేను మత్స్యశాఖ ఉద్యోగంలో ఉండగా అలాంటి అర్జీలు చాలా చదివాను. ఏ బోటు, ఏ రోజు, ఎన్నింటికి అన్నది లేకపోతే నేనూ ఫైల్లో పెట్టి దారం కట్టేసినవాణ్ణే. ఈసారి బోటు నంబరు రాయండి. అందులో ఎంఎం అనే అక్షరాలుంటే పెద్ద మరబోటు, ఎంఓ ఉంటే ఇంజను బిగించిన చిన్న పడవ. ఎదురుపడిన చోటుని మీ ఆయన్ని ఫోన్‌లో జీపీఎస్‌తో గుర్తు పెట్టుకోమనండి. ఇలాంటివి పది పోగయ్యాక గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుడికి ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. ఆ నకలు లేకుండా మాత్రం ఇంటికి రావద్దు.

ఇక మిగతా సగం. కానాగుర్త పిల్లల్ని ఒడ్డుకు తెస్తున్నది మరబోట్లు కాదు కదా, మీ ఊరి పడవలే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధమని ఇంజను పడవలన్నీ ఆపుకుని, తల్లి చేపని గుడ్లు పెట్టనిచ్చి, ఆ తర్వాత చిన్న కన్ను వలతో దాని పిల్లల్ని లాగేస్తే ఆ రెండు నెలల పస్తు దండగే.

ఈ చేప శాస్త్రీయ నామంలో కూడా మన "కానాగుర్త" ఉందని మీకు తెలుసా? పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ డాక్టరు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో ఒక పుస్తకం వేశాడు. అందులో ఇక్కడి తెలుగు పేర్లే రాసుకున్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. నాకు చేపల పిచ్చి, ఇలాంటివి చెప్పకుండా ఉండలేను.

విషయానికొస్తాను. కేరళ 2015లో 14 రకాల చేపలకు పొడవు కట్టింది. ఇంతకన్నా చిన్నవి పట్టకూడదన్నమాట. కానాగుర్తకి 14 సెంటీమీటర్లు, కవళ్లకి (సార్డిన్ చేపలకి) 10. తర్వాత రెండేళ్లకు ఆ జాబితా 58 రకాలకు పెరిగింది. 14 సెంటీమీటర్లంటే ఇంచుమించు రాసుకునే పెన్నంత. స్కేలు పెట్టి మీ తట్ట అంచు మీద గీత గీసుకోండి. మీ ఊళ్లో దానికి చట్టం దాకా ఎందుకు, కట్టుబాటు చాలు. వేలం పాటలో పన్నెండు మందీ గీత దాటని చేపకి పాట పాడకండి. వలల సంగతి తెలియదన్నారు గానీ, పాట మీ చేతిలో ఉంది కదా.

అయితే ఒక మాట. 2000 ప్రాంతంలో నేను భీమిలి వైపు నిషేధం రోజుల్లో ఒక కుర్రాడి వల పట్టుకున్నాను. మర్నాడు అతని భార్య వచ్చి, "బాబూ, వల పట్టుకెళ్లారు, మరి అప్పెవరు పట్టుకెళ్తారు?" అంది. వల కొనడానికి డబ్బిచ్చింది సావుకారు. చేపంతా తనకే పోయాలని షరతు. వారం తిరక్కుండా ఇంకో వల, దాని మీద ఇంకో అప్పు. నా కేసు గెలిచింది, సముద్రంలో మాత్రం ఏమీ మారలేదు. అందుకే మీ ఊళ్లో దాణా లారీ వాళ్లు ఎవరెవరికి ముందే అడ్వాన్సు ఇచ్చారో కనుక్కోండి. మీ పొదుపు సంఘం నుంచి ఆ రెండు మూడు అప్పులు తీర్చగలిగితే, ఆ పడవలు మీ మాట వింటాయి. అది తేలకుండా ఒడ్డున గొడవకి దిగకండి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల (చేపల గుంపుని చుట్టేసి పట్టే పెద్ద వలల) తగువు పడవలు తగలబెట్టుకునేదాకా పోయింది. తగలబడ్డవీ మత్స్యకారుల పడవలే.

వీటన్నిటికంటే ముందు మీ ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. మీ ఆయన వలని తడిపి, ఒక కన్నుని బిగువుగా లాగి, ఈ ముడి నుంచి ఆ ముడికి స్కేలు పెట్టండి. పెద్దలు మిమ్మల్ని మొదట అడిగేది అదే. ఎంతొచ్చిందో నాకూ రాయండి, కోపం వచ్చినా సరే.