నల్ల డబ్బాలో నల్: కళ్లెదుటే ఉన్నా వెతికితే దొరకదేం?

ప్రశ్న: సార్, నేను ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. పాత సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన పిల్లల జాబితాను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఎడిటర్‌లో తెరిస్తే ప్రతి ఇంగ్లిష్ అక్షరం పక్కనా ‘ఎన్‌యూఎల్’ అని నల్ల డబ్బా కనిపిస్తోంది. ఫైండ్‌లో ఆ మూడక్షరాలు కొట్టినా, డబ్బానే కాపీ చేసి పేస్ట్ చేసినా దొరకలేదు. తెలిసినవాళ్లు చెబితే \0 అని పెట్టి అన్నీ తీసేశాను. ఇంగ్లిష్ బాగుపడింది కానీ తెలుగు పేర్లు ఉండాల్సిన చోట చుక్కలు, సున్నాలు, వేరే రకం డబ్బాలు వచ్చాయి. కొన్ని లైన్లు మధ్యలో తెగిపోయాయి కూడా. ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ఫైలును సేవ్ చేయకుండా మూసేయండి. ఇప్పటికే సేవ్ చేసి ఉంటే సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోసారి తీసుకోండి, దాని మీద మాత్రం \0 ప్రయోగం చేయకండి.

మీరు చెత్త అనుకుని ఊడ్చేసినవి చెత్త కాదు, అక్షరాల్లో సగాలు. మీ ఫైలు యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతిలో) ఉంది, అంటే మామూలు అక్షరం ఒక్కోదానికి రెండేసి బైట్లు (ఒక్కో బైటులో 0 నుంచి 255 దాకా ఒక సంఖ్య పడుతుంది). ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటులోనే పని అయిపోతుంది కాబట్టి రెండోది సున్నా, అదే మీకు కనిపించిన నల్. తెలుగు సంగతి వేరు. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో మన లిపికి కేటాయించిన చోటు 3072 దగ్గర మొదలవుతుంది, 3072 అంటే పన్నెండు 256లు, అందుకని తెలుగు అక్షరంలో ఆ రెండో బైటు సున్నాగా కాక 12గా ఉంటుంది. ఎడిటర్‌కు ఈ లెక్క తెలియక బైటుకో అక్షరం చొప్పున చదువుకుంటూ పోయింది. ‘అమ్మ’నే తీసుకోండి: అ, మ, పొల్లు, మళ్లీ మ. వాటి మొదటి బైట్లు 5, 46, 77, 46. పాత ఇంగ్లిష్ పట్టికలో 46 అంటే చుక్క, 77 అంటే పెద్ద ఎం. కాబట్టి అమ్మ కాస్తా చుక్క, ఎం, చుక్క అయి కూర్చుంది! ‘ర’కు 48, అది సున్నా అంకె. ‘ఊ’కు 10, అది కొత్త లైను గుర్తు, అందుకే ఊర్మిళ, ఊహ లాంటి పేర్లు వచ్చిన చోటల్లా లైను తెగింది. నల్‌లు తీసేయడంతో ఇంగ్లిష్ ఒక బైటుకు దిగింది, తెలుగు రెండు బైట్ల దగ్గరే ఉండిపోయింది, ఇక ఆ ఫైలును ఏ ఎన్‌కోడింగ్‌లో తెరిచినా కుదరదు.

చేయాల్సింది తేలికే. విండోస్‌లో ఉండే మామూలు నోట్‌ప్యాడ్ తెరిచి, ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కండి. వచ్చే పెట్టెలో కింద ఎన్‌కోడింగ్ అని ఉంటుంది, అక్కడ యూటీఎఫ్-16 ఎల్ఈ ఎంచుకుని మీ ఫైలు తెరవండి (పాత విండోస్‌లో అదే ‘యూనికోడ్’ అన్న పేరుతో ఉంటుంది). పేర్లు సరిగ్గా కనిపించాక సేవ్ యాజ్‌లో యూటీఎఫ్-8 పెట్టి వేరే పేరుతో దాచుకోండి. వెతకడం, మార్చడం ఏమీ అక్కర్లేదు.

ఇక దొరకకపోవడం సంగతి. ఆ డబ్బా ఎడిటర్ వేసిన బొమ్మ, ఫైలులో ఆ మూడక్షరాలు లేవు. కాపీ పేస్ట్ ఎందుకు పనిచేయలేదంటే, విండోస్ క్లిప్‌బోర్డు దృష్టిలో నల్ అంటే ‘మాట ఇక్కడితో అయిపోయింది’ అని, కాబట్టి ఫైండ్ పెట్టెకు చేరేసరికి చేతిలో ఏమీ మిగలదు. \0 కూడా సెర్చ్ మోడ్ ఎక్స్‌టెండెడ్‌లో ఉంటేనే నల్ అవుతుంది, నార్మల్‌లో ఉంటే గీతనూ సున్నానూ ఉన్నవి ఉన్నట్టు వెతుకుతుంది.

ప్రశ్న: మా ఫ్యాక్టరీ హాజరు మెషీన్ ఇచ్చే ఫైలులో పేరుకు 20 అక్షరాల చోటు ఉంటుంది. పేరు చిన్నదైతే మిగతాదంతా నల్‌లే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కించబోతే తిప్పికొడుతోంది. నల్‌లు తీసేస్తే ఎక్కుతోంది గానీ ఒకరి పేరులోకి ఇంకో కాలమ్ వచ్చి చేరుతోంది.
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: మీ ఫైలులోవి నిజంగానే ఖాళీ నింపడానికి పెట్టిన నల్‌లు, మార్చేయొచ్చు. కాకపోతే తీసేయకండి, ఒక్కోదాని స్థానంలో ఒక్కో స్పేస్ పెట్టండి. ఎక్స్‌టెండెడ్ మోడ్‌లో ఫైండ్‌లో \0, రీప్లేస్‌లో స్పేస్ బార్ ఒక్కసారి. అప్పుడు 20 అక్షరాలు 20గానే ఉంటాయి, కాలమ్‌లు కదలవు. మార్చాక ఫైలు సైజు బైటు కూడా తేడా రాకూడదు, వచ్చిందంటే రీప్లేస్ పెట్టెలో ఇంకేదో ఉండిపోయినట్టే. పోస్ట్‌గ్రెస్‌లో టెక్స్ట్ కాలమ్ సున్నా బైటును ఎప్పుడూ ఒప్పుకోదు, సెట్టింగులు వెతుకుతూ సాయంత్రం పాడు చేసుకోకండి. అన్నట్టు, నల్ పుట్టిందే ఇలాంటి ఖాళీ కోసం. కాగితం టేపుకు చిల్లులు పొడిచే రోజుల్లో ఏ చిల్లూ లేని వరుస నల్, ఏడు చోట్లా చిల్లులు పొడిస్తే డిలీట్. తప్పు కొట్టిన అక్షరం మీద ఏడూ పొడిచేసి ముందుకు పోయేవాళ్లు.

ప్రశ్న: విమ్ అనే ఎడిటర్‌లో కామా ఉన్నచోటల్లా లైను విడగొడదామని రీప్లేస్‌లో బ్యాక్‌స్లాష్ ఎన్ పెట్టాను. లైను విడలేదు సరికదా అన్నిచోట్లా ^@ వచ్చింది.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: అక్కడ అందరూ ఒకసారి పడతారు, నేను రెండుసార్లు పడ్డాను. విమ్‌లో వెతికే వైపు బ్యాక్‌స్లాష్ ఎన్ అంటే లైను చివర, మార్చే వైపు అదే నల్, దాన్నే విమ్ ^@ అని చూపిస్తుంది. లైను విడగొట్టాలంటే మార్చే వైపు బ్యాక్‌స్లాష్ ఆర్ రాయాలి. ఇప్పటికైతే అండూ నొక్కండి చాలు. ఫైలు మూసేసి ఉంటే, వెతికే చోట కంట్రోల్ వీ నొక్కి 000 కొడితే నల్ దిగుతుంది, దాన్ని బ్యాక్‌స్లాష్ ఆర్‌తో మార్చేయండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక నా నోట్స్ ఫైలు నిండా నల్‌లే. సైజు మాత్రం మునుపటిదే. తీసేస్తే లోపలున్నది బయటపడుతుందా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పడదండీ. ఫైలు సైజు ఎంతో డిస్క్ మీద రాసుకుంది గానీ, లోపలి అక్షరాలు చేరేలోపే కరెంటు పోయింది. నల్‌ల వెనకాల దాక్కున్నది ఏదీ లేదు, తీసేస్తే మిగిలేది ఖాళీ ఫైలే. మీరు వాడుతున్నది నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అయితే ఒక ఆశ ఉంది: సేవ్ చేయని మార్పులకు అది 7 సెకన్లకోసారి నకలు తీసి పెట్టుకుంటుంది. సెట్టింగ్స్‌లో ప్రిఫరెన్సెస్, అందులో బ్యాకప్ తెరిస్తే ఆ ఫోల్డరు ఎక్కడుందో కనిపిస్తుంది. మీ ఫైలు పేరు పక్కన తేదీ, టైము తగిలించి ఉన్నది ఏదైనా ఉంటే దాన్ని ముందు ఇంకోచోటికి కాపీ చేసుకుని, ఆ కాపీనే తెరవండి.