క్రిస్మస్ కార్డుల పని అక్టోబరులోనే మొదలుపెట్టాలి

సందేహం: అక్కా, మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. పెళ్లయి అమెరికా వచ్చి ఏడాదిన్నర అయింది. పోయిన డిసెంబరులో పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, మావారి ఆఫీసువాళ్లు వాళ్ల కుటుంబం ఫొటోతో కార్డులు పంపారు. మేం ఎవరికీ పంపలేదు, ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మేం క్రిస్మస్ చేసుకోం కదా, పంపొచ్చా? పంపితే ఏం రాయాలి? ఊళ్లో మా అమ్మావాళ్లకి కూడా పంపాలని ఉంది. పోస్టులో వేస్తే చేరతాయా?

జవాబు: తప్పకుండా పంపు చెల్లీ. పోయినేడు మీకు కార్డు ఇచ్చిన ప్రతి ఇంటికీ ఈ ఏడు మీ కార్డు వెళ్లాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వచ్చిన కొత్తలో ఇది ఎవరికీ తెలియదు, నాకూ తెలియలేదు.

మాది విజయనగరం. మా వీధి చివర ఒక క్రైస్తవుల కుటుంబం ఉండేది. డిసెంబరు వచ్చిందంటే వాళ్ల డాబా మీద కాగితపు నక్షత్రం వెలిగేది. పండగ నాడు పళ్లెం నిండా అరిసెలు, జంతికలు, రెండు కేకు ముక్కలు మా ఇంటికి వచ్చేవి. సంక్రాంతికి అదే పళ్లెంలో మా ఇంటి పోకుండలు వాళ్లకి వెళ్లేవి. వచ్చిన పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ పట్టుదల. ఇక్కడ మొదటిసారి మా పోస్టు డబ్బాలో కార్డు కనిపించినప్పుడు నాకు ఆ పళ్లెమే గుర్తొచ్చింది. అప్పట్నుంచి ఇరవై రెండేళ్లుగా ఒక్క ఏడు కూడా మానకుండా పంపుతున్నాను.

కుటుంబం బొమ్మ వేసి పంపడం ఫొటో స్టూడియోలు కనిపెట్టిన ఫ్యాషన్ అనుకోకు. అమ్మకానికి అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ఆయన జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత వేయించారు. ఆ బొమ్మలో ఉన్నది కూడా బల్ల చుట్టూ కూర్చున్న ఒక కుటుంబమే. వెల ఒక షిల్లింగు.

ఇక ఏం రాయాలన్నది. అచ్చు వేయించే మాటల్లో కొత్త సంవత్సరం శుభాకాంక్షలు ఉంటే మంచిది. నీ జాబితాలో క్రైస్తవులుంటారు, యూదులుంటారు, మనవాళ్లుంటారు. ఒకే డిజైన్ అందరికీ సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. క్రిస్మస్ చేసుకునే ఇళ్లకి లోపల నీ చేత్తో ‘మెర్రీ క్రిస్మస్’ అని రాయి. ఆలస్యమై డిసెంబరు 28న చేరినా కొత్త సంవత్సరం కార్డు పాతబడిపోదు. పేర్ల దగ్గర మనవాళ్లకి ఒక చిక్కొస్తుంది. ఇక్కడివాళ్లు ఇంటిపేరుకి చివర ‘స్’ చేర్చి కుటుంబం మొత్తానికి ఒకే పేరు వేస్తారు. మనలో చాలామంది ఆడవాళ్ల పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంటుంది. అలాంటప్పుడు ఇంటిపేరు జోలికి పోకుండా నీ పేరు, మీవారి పేరు, పిల్లలుంటే వాళ్ల పేర్లు వేయించు. పిల్లల బడి పేరు, పుట్టినతేదీ లాంటివి మాత్రం అచ్చు వేయించొద్దు.

ఫొటో గురించి ఒక్కమాట. ఖరీదైన ఫొటోగ్రాఫర్ అక్కర్లేదు, ఎర్ర స్వెటర్లు కొనక్కర్లేదు. మేం రెండేళ్లకోసారి పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఊరు వెళ్తాం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది కాబట్టి సెలవు ముందే పెట్టుకోవచ్చు. పండగ మర్నాడు పొద్దున్నే ఎండ ముదరకముందు వరండాలో అమ్మని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీయించుకుంటాం. మొదటిసారి తీసినప్పుడు అమ్మ లేచి వెళ్లి, తులసికోట కనపడటం లేదని కుర్చీ తనే రెండడుగులు జరుపుకొని కూర్చుంది. ఆ ఏడు మా కార్డు చూసి ఎదురింటి పెద్దావిడ మా ఇంటికి వచ్చి, ఆ మొక్క ఏమిటి, ఆ అమ్మ ఎవరు అని అరగంట కూర్చుని అడిగింది. ఆరేళ్లుగా చెయ్యి ఊపుకోవడమే తప్ప ఆవిడతో నేను కూర్చుని మాట్లాడింది ఆ రోజే.

నీకు ఈ ఏడు ఊరు వెళ్లడం కుదరకపోతే మీ అపార్ట్‌మెంట్ మెట్ల మీద తీసినా చాలు. ముఖాలు పెద్దగా కనపడాలి. ఊళ్లో పెద్దవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని చూసేది ముఖాలే.

సైజు దగ్గర మాత్రం జాగ్రత్త. మొదటి ఏడు నేను ఒక దుకాణంలో అందంగా ఉన్నాయని చదరపు కార్డులు కొన్నాను. ఎర్ర కవర్లు, పైన మెరుపులు. మామూలు స్టాంపు వేసి ముప్పై డబ్బాలో పడేస్తే పదకొండు వెనక్కి వచ్చాయి, పోస్టేజి చాలలేదని ముద్ర వేసి. పండగ దాటిపోయింది. ఆ పదకొండు కవర్లు వంటింటి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు బాధపడ్డాను. ఇక్కడ కవర్లను వేరుచేసేది యంత్రం. చదరంగా ఉన్నా, వంగకపోయినా, లోపల గుండీ లాంటి గట్టి వస్తువు ఉన్నా అందులోంచి సాఫీగా వెళ్లవు. అందుకని అదనంగా వసూలు చేస్తారు. ఐదు అంగుళాలకి ఏడు అంగుళాల కార్డు తీసుకో. లేత రంగు కవరు, నల్ల సిరా. బరువు ఒక ఔన్సు లోపల, అంటే 28 గ్రాముల లోపల ఉండాలి. వంటింట్లో పిండి తూచే త్రాసు మీద పెట్టి చూసుకో. లోపల ఒక కాగితం మడిచి పెడితే ఇంకో నాలుగున్నర గ్రాములు పెరుగుతుంది.

దేశం లోపలికి ఫరెవర్ స్టాంపు చాలు. 2025 జూలైలో పెంచినప్పుడు దాని ధర 78 సెంట్లు అయింది. ఇండియాకి గ్లోబల్ ఫరెవర్ స్టాంపు కావాలి. అది అప్పుడే 1 డాలరు 70 సెంట్లు అయింది. 2013లో అది మొదలైనప్పుడు 1 డాలరు 10 సెంట్లు ఉండేది. వీటి సుఖం ఏమిటంటే, పాత ధరకి కొన్నవి రేటు పెరిగాక కూడా అలాగే చెల్లుతాయి. నేను ధర పెరగకముందే కొని పుస్తకాల అలమరలో పెట్టుకుంటాను.

అసలైన పని చిరునామాల పుస్తకం. ఫోన్లో ఉన్నాయి కదా అనుకోవద్దు, ఒక నోట్‌బుక్ కొనుక్కో. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. పేర్లు, చిరునామా, కింద ఏ ఏడు పంపాను, ఏ ఏడు వాళ్లది వచ్చింది, ఆ ఏడు వాళ్లింట్లో ఏం జరిగింది. నా పుస్తకంలో ఒక పేజీలో మూడు చిరునామాలు కొట్టేసి ఉన్నాయి, నాలుగోది రాసి ఉంది. మావారితో మొదటి ఉద్యోగంలో పనిచేసిన వాళ్లు, రాష్ట్రం మారినప్పుడల్లా కార్డు మీదే కొత్త చిరునామా తెలిసింది. కవరు ఎడమ పైమూల నీ చిరునామా తప్పకుండా ఉండాలి. ఇల్లు మారినవాళ్లు పోస్టాఫీసుకి చెప్పి వెళ్తే మొదటి తరగతి ఉత్తరాలను ఏడాది పాటు కొత్త ఇంటికి పంపుతారు. ఆ తర్వాత కొన్నాళ్ల వరకు నీ కవరే కొత్త చిరునామా అంటించుకుని నీ దగ్గరికి తిరిగొస్తుంది. ఏటేటా పంపేవాళ్లకి మనుషులు తప్పిపోకపోవడానికి ఇదొక కారణం.

అచ్చు వేసిన కార్డు అలాగే పడేయొద్దు చెల్లీ. ప్రతిదాని మీదా రెండు వాక్యాలు చేత్తో రాయి, ఆ ఇంటికి మాత్రమే వర్తించేవి. ‘మంచు పడ్డ రోజు మా కారు తోసినందుకు ఇంకా గుర్తుచేసుకుంటున్నాం’ అని పక్కింటాయనకి. ఊరికి వెళ్లేవి తెలుగులో రాయి. తెలుగు రాసి చాలా ఏళ్లయింది, చేతిరాత బాగోదు అంటావేమో. మా అత్తయ్య నా కార్డుల్లో ఫొటో కంటే ముందు వెనక్కి తిప్పి రాత చదువుతుంది, నేను పక్కనుండగా చూశాను. రాత్రికి ఐదు కంటే ఎక్కువ రాయను నేను. ఆరోదానికి వచ్చేసరికి మాటలు ఒకేలా వచ్చేస్తాయి.

ఇంట్లో ఎవరైనా పోయిన ఏడు ఏం చేయాలో ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మా నాన్న పోయిన ఏడు మేం పండగలు చేసుకోలేదు, శుభాకాంక్షల కార్డూ వేయించలేదు. కానీ మాకు వచ్చిన ప్రతి కార్డుకీ తెల్ల కార్డు మీద నాన్న గురించి నాలుగు మాటలు రాసి జనవరిలో పంపాను. ఎవరూ తప్పుపట్టలేదు, కొందరు ఫోన్ చేసి ఏడ్చారు. అలాగే సంవత్సరీకాలు కాని ఇంటికి రంగుల కార్డు పంపకు. రెండు ముక్కలు ఉత్తరం రాయి. అందుకే పుస్తకంలో ఆ ఏడు ఏం జరిగిందో రాసుకోమన్నాను.

ఇక ఊరికి. చేరతాయి, కాకపోతే తొందరపడాలి. మామూలు ఉత్తరానికి ట్రాకింగ్ ఉండదు. నావి శ్రీకాకుళం రెండు వారాల్లో చేరినవీ ఉన్నాయి, ఐదు వారాలు పట్టినవీ ఉన్నాయి. కాబట్టి ఊరివి నవంబరు పదో తేదీలోగా డబ్బాలో పడాలి. అంటే అక్టోబరులో ఫొటో, అక్టోబరు ఆఖరికి అచ్చు. ఇక్కడివాళ్లవి నవంబరు నెలాఖరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ సెలవుల్లో రాసి డిసెంబరు మొదటివారంలో వేస్తే సరిపోతుంది.

చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చివరి వరసలో ఇండియా అని పెద్దక్షరాల్లో వేరేగా రాయాలి. దాని పక్కనే తెలుగులో కూడా చిరునామా రాస్తే పల్లెలో పోస్ట్‌మ్యాన్‌కి సాయం. ఊరి పేరొక్కటే సరిపోదు. మన వైపు వలసలు, పేటలు, పురాలు ఎన్నో. కొత్తవలస అంటే ఏ కొత్తవలస? మండలం, ఉత్తరాలొచ్చే పోస్టాఫీసు, రామాలయం ఎదుట లాంటి గుర్తు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాయి. మా అత్తయ్యకి పోస్ట్‌మ్యాన్ ఫోన్ చేసి ఇంట్లో ఉన్నారా అని అడిగి తెచ్చిచ్చిన రోజులున్నాయి.

పిన్‌కోడ్ విషయంలో నేను పొరపాటు పడ్డాను, నువ్వు పడకు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. రాజాంలో ఉన్న మా పిన్నికి రాస్తూ, జిల్లా మారింది కదా, పిన్ కూడా విజయనగరంలాగా 535తో మొదలవ్వాలేమో అనుకుని మార్చేశాను. ఆ కార్డు సంక్రాంతి దాటాక చేరింది. జిల్లా మారినా పిన్ మారలేదు. రాజాం ఇప్పటికీ 532127, పాలకొండ 532440. పిన్‌లో మొదటి మూడంకెలు పోస్టు సంచులు వేరుచేసే ప్రాంతానికి గుర్తు, కలెక్టరాఫీసుకీ వాటికీ సంబంధం లేదు.

కార్డులో డబ్బు మాత్రం పెట్టకు, పది డాలర్లైనా సరే. మీ పోస్ట్‌మ్యాన్‌కి ఇక్కడ పండగ మామూలు ఇవ్వాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. వాళ్లు నగదు తీసుకోకూడదు. ఇరవై డాలర్ల లోపు వస్తువు తీసుకోవచ్చు. ఒక కార్డు మీద థాంక్స్ అని రాసి, చాక్లెట్ డబ్బాతో కలిపి ఇవ్వు.

ఫోన్లో ఫొటో పంపితే సరిపోదా అని మీవారు అంటారు, మావారూ అన్నారు. పోయినసారి మేం వెళ్లినప్పుడు అమ్మ తన మంచం పక్క గోడ చూపించింది. ఏడు కార్డులు, క్యాలెండర్ మేకుకి కట్టిన పురికొసకి వరసగా బట్టల క్లిప్పులతో పెట్టుకుంది. మా పాప పాలపళ్లు ఊడిన ఏడాది నుంచి ఓణీ వేసుకున్న ఏడాది దాకా. ‘ఏటే, పిల్ల అప్పుడే ఇంత పొడుగైపోనాది’ అని ఒక్కొక్కటీ వేలితో చూపించి చెప్పింది. ఫోన్లో పంపినవి వందలున్నాయి. వాటిని తెరవడానికి తనకి ఇంకొకరి సాయం కావాలి.

ఈ శనివారం నోట్‌బుక్ కొనుక్కో. మొదటి పేజీలో మీ అమ్మగారి పేరు, వీధి, గుర్తు, ఫోన్ నంబరు రాయి. నరసన్నపేట పిన్ 532421.