ఏడో నెలలో లివర్ రిపోర్టు తేడాగా వస్తే భయపడాలా?

ఏడో నెల, రిపోర్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎక్కువ, లివర్ తయారుచేసే అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువ, లివర్ పాడవుతోందా అని అడిగారు. ఎనిమిదో నెలలో నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. ఫాస్ఫటేజ్ పై హద్దుకి దాదాపు రెండింతలు. ఆ రాత్రంతా టెన్షనే.

మర్నాడు డాక్టరుగారు ఆ అంకెను పట్టించుకోనే లేదు. నేరుగా ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే ఎంజైముల అంకెలు చూశారు. లివర్ కణాలు దెబ్బతింటే పెరిగేవి అవి. కడుపుతో ఉన్నంత మాత్రాన పెరగవు, నాకూ పెరగలేదు. ఫాస్ఫటేజ్‌ని మాయ (ప్లాసెంటా) కూడా తయారుచేస్తుందట, అందుకే చివరి నెలల్లో రెండు మూడింతలైనా వింతేమీ కాదు. ఇక అల్బుమిన్ అంటారా, రక్తంలో ప్లాస్మా 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది కాబట్టి అది పలచబడి తక్కువగా కనిపిస్తుంది. ల్యాబువాళ్లు పక్కన వేసే హద్దులు మామూలు మనుషులవి, గర్భిణులవి కావు. ఆ ముక్క రిపోర్టు మీదే వేస్తే ఎంతమందికి నిద్ర పడుతుందో!

ఈ నెలల్లో లివర్‌కి పని కూడా ఎక్కువే. ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ లాంటివి ఎక్కువ తయారుచేస్తుంది, కాన్పులో అవి అక్కరకొస్తాయి. కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఎలుకల్లో అయితే నెలలు నిండేకొద్దీ లివరే పెద్దదై, కాన్పయ్యాక మళ్లీ తగ్గుతుంది. మనకు గర్భసంచి లివర్‌ని పైకి నెట్టేస్తుంది కాబట్టి అది చేతికి అందదు, పరీక్షలో డాక్టరు చేతికి తగిలితే మాత్రం ఎందుకో చూడాల్సిందే. నా అరచేతులు ఎర్రబడ్డాయి, అదీ ఈస్ట్రోజెన్ పనే. కాన్పయ్యాక పోయింది.

నేను తప్పు చేసింది దురద విషయంలో. తొమ్మిదో నెల మొదట్లో అరచేతులు, అరికాళ్లు ఒకటే దురద, రాత్రయితే మరీను. దద్దుర్లు లేవు కదా అని వారం ఊరుకున్నాను. తీరా టెస్టు చేస్తే, లివర్ తయారుచేసే పైత్యరసంలోని ఆమ్లాలు, అంటే బైల్ యాసిడ్స్, రక్తంలో పెరిగి 52 ఉన్నాయి. లీటరుకు 100 మైక్రోమోల్స్ దాటితే కడుపులో బిడ్డకే ప్రమాదమని అప్పుడు తెలిసింది. మందు ఇచ్చి, 38వ వారంలో కాన్పు చేశారు. పాప బాగుంది.

దురద ఉంటే నాలాగా ఆగకండి. కుడి పక్కటెముకల కింద నొప్పి, ఆగని వాంతులు, విపరీతమైన తలనొప్పి, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది ఉన్నా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. మీ ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్ (పెరిగితే కళ్లు పచ్చబడేది దీనివల్లే) ఎంతో మీరు రాయలేదు. ముందు ఆ మూడూ చూసి, రిపోర్టు డాక్టరుకి చూపించండి.