గోనా, కుడానా, ఎర్లాంగా?

ప్రశ్న: బెంగళూరులో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. సూపర్ కంప్యూటర్ల మీద పనిచేయాలని ఉంది. సీనియర్లలో ఒకరు గో అంటారు, ఇంకొకరు కుడా, మరొకరు ఎర్లాంగ్. దేన్ని పట్టుకోవాలి?

జవాబు: ఈ మూడు ప్రోగ్రామింగ్ సాధనాలూ ఒకే పనికి పోటీపడేవి కావు. వేల కనెక్షన్లను ఒకేసారి మోసే సర్వర్లకు గో, ఎర్లాంగ్. ఒకే లెక్కను లక్షల అంకెల మీద ఒకేసారి నడిపించడానికి కుడా, అదీ ఎన్విడియా జీపీయూల (గ్రాఫిక్స్ చిప్‌ల) మీదే. మీ దారి సూపర్ కంప్యూటర్లయితే ముందు సీప్లస్‌ప్లస్, దానితో ఓపెన్‌ఎంపీ (ఒకే కంప్యూటర్‌లోని కోర్లకు పని పంచేది), ఎంపీఐ (వేర్వేరు ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు పంపేది). కుడా తర్వాత. మిగతా రెండూ ఇప్పటికి పక్కన పెట్టేయండి.

థ్రెడ్లతో, అంటే ఒకే ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులతో, మొదలుపెట్టండి. నాలుగు థ్రెడ్లు ఒకే కౌంటర్‌కి తలా 10 లక్షల సార్లు ఒకటి కలపాలి. 40 లక్షలు రావాలి కదా, రాదు. నడిపిన ప్రతిసారీ వేరే అంకె. చదవడం, కలపడం, తిరిగి రాయడం మూడు వేర్వేరు అడుగులు. మధ్యలో ఇంకో థ్రెడ్ దూరుతుంది. ఇది ఆప్టిమైజేషన్ ఆపి కంపైల్ చేయండి. లేదంటే కంపైలర్ లూప్‌ మొత్తాన్ని ఒక్క కూడికగా మార్చేసి తప్పును దాచేస్తుంది. ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలే తాళం, అంటే మ్యూటెక్స్, పెడితే జవాబు సరిపోతుంది గానీ ఒంటరి థ్రెడ్ కంటే నెమ్మదిస్తుంది. సరే, థ్రెడ్‌కో కౌంటర్ ఇస్తే? అవి అరేలో పక్కపక్కనే ఉంటే ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక విడతలో తెచ్చుకునే ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో పడి, కోర్లు ఆ లైన్‌ను ఒకదాని నుంచి ఒకటి లాక్కుంటూ నెమ్మదిస్తాయి. 64 బైట్ల ఎడం పెట్టి మళ్లీ టైమ్ చూడండి. ఇంటర్వ్యూలో ఈ నాలుగు కొలతలూ వివరించగలిగితే సర్టిఫికెట్ల అవసరం పెద్దగా ఉండదు.

ఎంపీఐకి లాప్‌టాప్ చాలు. రెండు ప్రాసెస్‌లూ ముందు పంపి, ఆపై అందుకునేలా రాయండి. చిన్న మెసేజ్‌లు సాఫీగా పోతాయి, ఎందుకంటే లైబ్రరీ వాటిని బఫర్‌లో దాచుకుంటుంది. సైజు పెంచుతూ పోతే ఒకచోట రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి. క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు) మీద రాత్రంతా వేలాడే జాబుల్లో ఇదో పాత కారణం. ఒక ప్రాసెస్ ముందు అందుకునేలా మార్చినా, పంపడం, అందుకోవడం కలిపి చేసే సెండ్‌రిసీవ్ వాడినా ఈ చిక్కు పోతుంది.

కోర్లు పెంచితే చాలనుకోకండి. ప్రోగ్రాంలో 5 శాతం వరసగానే నడవాల్సి ఉంటే, ఎన్ని వేల కోర్లిచ్చినా వేగం 20 రెట్లు దాటదు. 1967లో కంప్యూటర్ డిజైనర్ జీన్ ఆమ్‌డాల్ చెప్పిన లెక్క ఇదే.

మీ ఊళ్లోనే ఐఐఎస్సీలో పరమ్ ప్రవేగ సూపర్ కంప్యూటర్ ఉంది, కంప్యుటేషనల్ అండ్ డేటా సైన్స్‌లో ఎంటెక్ కూడా ఉంది. దానికి గేట్ రాయాలి, కాబట్టి ప్రిపరేషన్ ఈ ఏడాదే మొదలుపెట్టండి.