డాక్టర్ సలహా: చెడు ఆలోచన వచ్చిందని చెంపలు వేసుకుంటున్న బాబు

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు పదేళ్లు. మా ఇంట్లో పూజలు, వ్రతాలు ఎక్కువ. ‘ఎప్పుడూ మంచే తలచుకోవాలి, పైన తథాస్తు దేవతలు ఉంటారు’ అని మా అత్తయ్య పిల్లలకు చెబుతుంటారు. నెల రోజులకు పైగా బాబు దేవుడి పటం ముందు నిలబడి పదే పదే చెంపలు వేసుకుంటున్నాడు. గట్టిగా అడిగితే, చెల్లి చచ్చిపోతుందేమోనన్న ఆలోచన వస్తోందని ఏడ్చాడు. చెల్లికి ఏమీ కాకుంటే మేడారంలో నిలువెత్తు బంగారం (తన బరువంత బెల్లం) ఇస్తానని మొక్కుకున్నాడట. రాత్రుళ్లు సరిగా నిద్రపోవడం లేదు. వాడికి మంచి ఆలోచనలు ఎలా అలవాటు చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీ బాబు మనసులో చెడు లేదు, భయం ఉంది. చెల్లెలంటే ప్రాణం కాబట్టే ఆమెకు ఏదైనా అవుతుందేమోనన్న ఆలోచన వాడిని అంతగా వణికిస్తోంది. ఇలాంటివి పెద్దవాళ్లకూ వస్తాయి. పసిబిడ్డను ఎత్తుకుని భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడిన తల్లికి ‘చేయి జారితే?’ అని ఒక్క క్షణం తడుతుంది. ఆమె బిడ్డను ఇంకాస్త గట్టిగా పొదువుకుంటుంది, ఆలోచన వెళ్లిపోతుంది. అది ఆమె కోరిక కాదని ఆమెకు తెలుసు. పదేళ్ల పిల్లవాడికి ఆ తేడా ఇంకా తెలియదు. పైగా తలచుకున్నది జరిగిపోతుందని ఇంట్లో విన్నాడు. వాడి లెక్కలో చెల్లి ప్రాణం వాడి ఆలోచన మీద ఆధారపడి ఉంది. ఆ వయసుకు అది ఎంత బరువో ఒక్కసారి ఊహించండి.

మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని చెప్పిన వైద్యుడి కథ మీరు వినే ఉంటారు. పాపం, ఆ రోగికి గ్లాసు ఎత్తినప్పుడల్లా కోతే కనిపించింది. అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన ప్రయోగంలోనూ ఇదే తేలింది. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పినవాళ్లకు అదే మళ్లీ మళ్లీ గుర్తుకొచ్చింది. అందుకే ‘అలాంటివి తలచుకోకు’ అని బాబుకు చెప్పవద్దు. వచ్చే ఆలోచనను ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. వచ్చాక దాన్ని కూర్చోబెట్టి మాట్లాడతామా, పోనిచ్చి చేస్తున్న పనిలోకి తిరిగి వస్తామా అన్నదే మన చేతిలో ఉంటుంది. బాబుకు నేర్పవలసింది ఈ రెండోదే. ‘ఆలోచన వచ్చిందా? రానీ. అది నువ్వు కోరుకున్నది కాదు. రా, బొమ్మ పూర్తి చేద్దాం’ అంటే చాలు.

అత్తయ్యగారిని తప్పుపట్టకండి. ఈ ఇంట్లో బాబు భయాన్ని అందరికంటే త్వరగా తగ్గించగలిగేది ఆమే అని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే దేవుడి విషయంలో వాడు నమ్మేది ఆమె మాటనే. ‘భయం వేస్తే అమ్మవారికి చెప్పుకో నాన్నా, పిల్లల మీద ఆమెకు కోపం ఉండదు’ అని ఆమె దగ్గరకు తీసుకుని చెప్పాలి. ఆ మొక్కు మాట కూడా ఆమే తేల్చాలి. పిల్లవాడు భయంతో మొక్కినదాన్ని అప్పులా మోయనవసరం లేదని, జాతరకు వెళ్లినప్పుడు అందరితో కలిసి సంతోషంగా బెల్లం సమర్పిద్దామని అంటే వాడి గుండె బరువు సగం దిగుతుంది.

పూజ మాన్పించవద్దు. ప్రార్థన చేసి లేచినప్పుడు మనసు కుదుటపడితే అది మంచిదే. లెక్క తప్పిందని మళ్లీ మొదటినుంచి దండం పెడుతున్నా, పెట్టకపోతే ఏదో జరుగుతుందని వణుకుతున్నా అది భక్తి కాదు, భయం చేయిస్తున్న పని. ‘చెల్లికి ఏమీ కాదు కదా?’ అని రోజుకు పదిసార్లు అడిగితే, ఒక్కసారి ప్రేమగా జవాబు చెప్పి ఊరుకోండి. ప్రతిసారీ ధైర్యం చెబుతూ పోతే ఆ నిమిషానికి ఊరట దొరుకుతుంది కానీ, అడిగే అలవాటు ముదురుతుంది.

ఇక మంచి ఆలోచనల అలవాటు. సాయంత్రం దీపం పెట్టిన తర్వాత ఆ రోజు జరిగినదాంట్లో ఒక్క సంగతి చెప్పమనండి. ‘అంతా బాగుంది’ అనే మాట వద్దు. బడిలో ఎవరు నవ్వించారు, గునుగుపూలు ఎక్కడ కనిపించాయి, అన్నంలోకి ఏం నచ్చింది, ఇలా చిన్న చిన్న వివరాలతో చెప్పాలి. ముందు మీరు చెప్పండి. వాడు ఏడుపు వచ్చిన సంగతి చెబితే అదీ వినండి. దుఃఖం చెప్పుకోవడానికి చోటు లేని ఇంట్లో పిల్లలు సంతోషాన్ని నటిస్తారు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలకపోతే భయాలు మరింత పెరుగుతాయి. బడిలో గాని, బయట గాని ఎవరైనా బెదిరించారా, ఫోనులో భయపెట్టేది ఏదైనా చూశాడా అని కూడా మెల్లగా అడగండి.

మీరు రాసిన లక్షణాలు ఓసీడీ అనే సమస్యకు, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనల భయంతో ఒకే పనిని పదే పదే చేసే మానసిక సమస్యకు, తొలి గుర్తులు కావచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఇలాంటి ఆలోచనలు, పనులు రోజుకు గంటకు మించినా, చదువు, తిండి, నిద్ర దెబ్బతిన్నా ఆలస్యం చేయకూడదు. పిల్లల్లో దీనికి మంచి చికిత్స ఉంది. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్ ముందు మొదలుపెడతారు, అవసరమైతేనే మందులు ఇస్తారు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలని ఉందని బాబు ఎప్పుడైనా అంటే మాత్రం అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నెల దాటింది, నిద్ర కూడా చెడింది కాబట్టి ఈ వారంలోనే ఒకసారి చూపించండి. అత్తయ్యగారిని కూడా వెంట తీసుకెళ్లండి.